ఎడమచేతి ఉలి

ఆదివారం గుజరీలో పొద్దు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.
ఎస్.జె.పి. రోడ్డు వార గోనెపట్టా మీద
కుళాయి తలలు, రేడియో పేగులు, ఒంటి చెప్పు,
జిడ్డుగుడ్డ మడతలో ఆరు ఉలులు.

"కొత్తవి మెరుస్తాయి, అంతే" అన్నాడు కాళాచారి,
కామాక్షిపాళ్యలో తన రేకులషెడ్డు కింద కూర్చుని.
"అంచు నీలం తిరిగుంటే ముట్టుకోకు.
కరెంటు సాన మీద ఎవడో తొందరపడ్డాడు,
ఆ ఉక్కు చచ్చింది.
తుప్పుదేముంది, పైపై అలక.
గుంటలు పడితే మాత్రం వదిలెయ్.
రెండు వేళ్ళతో వేలాడదీసి గోటితో కొట్టు,
పలికితే తెచ్చుకో."

కొట్టాను.
నాలుగు మూగవి. ఒకటి దగ్గింది.
ఆరోది, గుండ్రటి మూతిది,
చిల్లరసంచిలో పాతకాలపు రూపాయిలా పలికింది.

ఇరవై రెండేళ్ళు సిటీ బస్సులో కండక్టర్ని.
అంచు తడిమి, చీకట్లో కూడా
రూపాయో రెండో చెప్పిన బొటనవేలు ఇది.
దానికీ మళ్ళీ బడి:
"అంచు వెంట కాదమ్మా, అంచుకి అడ్డంగా."

అతను మున్నూరన్నాడు. నూట ఎనభైకి దిగాడు.
పిడి చీలిందయ్యా అంటే
"పిడికి డబ్బులు తీసుకోవట్లేదక్కా" అన్నాడు.

డిపోలో నింగమ్మ సీసాడు డీజిలిచ్చింది,
ఎందుకని అడగలేదు.
రాత్రంతా అందులో నానింది ఉలి.
పొద్దున కాగితంతో రుద్దితే
తుప్పు ఎర్రగా, పసుపుగా, తర్వాత నల్లగా దిగి
అడుగున బూడిదరంగు ఉక్కు
నిద్రమొహంతో చూసింది.

తర్వాత సానరాయి, నీళ్ళు.
రాయి ఉలిని అరగదీస్తుంది, ఉలి రాయిని.
నడుమ పల్లం పడ్డ రాయి మీద పదును రాదు,
గచ్చు మీద ఇసుక పోసి
ముందు రాయినే సాపు చేసుకోవాలి.
నాకిది మూడు వారాల తర్వాత తెలిసింది.
అంచు వెనక కంటికి ఆనని ఈక లేస్తుంది,
దాన్ని తోలు మీద లాగి లాగి రాల్చాలి.
తోలెక్కడిదంటే, నా టికెట్ల సంచి పట్టీ.
భుజం ఒరిసి ఒరిసి
అది ముందే నున్నబడి ఉంది.

అప్పుడు చూశాను.
ఏటవాలు ఒక పక్కకి ఒరిగింది.
పిడి మీద బొటనవేలి గుంట
నా వేలికి అటువైపుంది.
ఎన్నేళ్ళు పట్టుకున్నాడో ఆ ఎడమచేతివాటం మనిషి,
పేరు లేదు, పిడి చివర
కన్నడమో తమిళమో తేలని అరిగిన అక్షరం ఒకటి.

"సరిచేయనా?" అని అడిగాను.
కాళాచారి బీడీ ఆర్పి చాలాసేపు తిప్పి చూశాడు.
"అరగదీస్తే నీదవుతుంది.
అరంగుళం కురచదీ అవుతుంది."
అంతే, టీకి లేచిపోయాడు.

చన్నపట్నం నుంచి తెచ్చిన పాలకొడిసె చెక్క మీద
ఒక తమలపాకు నెలరోజులుగా నాతో పోట్లాడుతోంది.
కుడిసగం వెన్నలా తెగుతుంది.
ఎడమసగంలో ఈనె ఎదురు తిరిగి
ఎంత పదునుపెట్టినా పీచు లేస్తుంది.
చెక్కని తిప్పాను. బల్లని తిప్పాను.
నేనే బల్ల చుట్టూ తిరిగాను.

మొన్న విసిగి ఆ ఉలిని ఎడమచేత్తో పట్టుకున్నా.
గుంటలో వేలు కూర్చుంది.
కొయ్యసుత్తి వద్దు, అరచేతి మడమే చాలు.
పొర చప్పుడు లేకుండా లేచి
చుట్టుకుని, నా ఒళ్ళో పడింది.
తెగినచోట తడి ఉన్నట్టు మెరుపు.

పిడి మార్చలేదు. పొన్ను కింద రాగితీగ చుట్టాను.
బెంగళూరు ముసురుకి ఉక్కు ఇట్టే చెమ్మగిల్లుతుంది,
పని ముగిశాక కొబ్బరినూనె గుడ్డతో తుడిచి
పాత ఖాకీచొక్కా విప్పి కుట్టిన జేబుల్లో
మూతికి మూతి తగలకుండా పడుకోబెడతాను.

ఈ ఎడమచేయి ఇరవై రెండేళ్ళూ
మలుపుల్లో పైకమ్మీ పట్టుకుని వేలాడిందే తప్ప
ఏ పనీ ఎరగదు.
యాభై ఆరో ఏట నేర్చుకుంటోంది.
నిన్న రెండుచోట్ల తెగింది.
ఆకు తొడిమ ఇంకా మిగిలే ఉంది.